యూజ్ కేస్ బొమ్మలో బ్యాంకు ఎక్కడుంది?

ప్రశ్న: నమస్తే అండీ. బీటెక్ అయ్యాక గుంటూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో బిజినెస్ అనలిస్ట్‌గా చేరాను. ఏడాది కావస్తోంది. మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపే ఒకాయన తన లెక్కలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని మా దగ్గరికి వచ్చారు. రిక్వైర్‌మెంట్లు, అంటే సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో రాసే పని నాకు అప్పజెప్పారు. కాలేజీలో చెప్పినట్టే యూజ్ కేస్ డయాగ్రమ్, అంటే సిస్టమ్‌తో ఎవరికి ఏ పని ఉందో చూపే బొమ్మ గీశాను. పనికో ఓవల్ చొప్పున మొత్తం 47 ఓవల్స్ వచ్చాయి. మా టీమ్ లీడ్ చూసి ఫ్లోచార్ట్‌లా ఉందన్నారు. ప్రోగ్రామర్లేమో ‘ఇవి ఎవరు చూస్తారు, యూజర్ స్టోరీలు రాసివ్వు చాలు’ అంటున్నారు. యూజర్‌కు ఏం కావాలో ఒక్కో ముక్కగా ఒకటి రెండు వాక్యాల్లో రాసేవి అవి. యజమానికి చూపిస్తే కాసేపు చూసి ‘బాగుందమ్మా, కానిచ్చేయండి’ అన్నారు. రైతును యాక్టర్‌గా (బయటి నుంచి సిస్టమ్‌తో పని ఉన్న పాత్రగా) పెట్టాలా, కౌంటర్లో కూర్చునే గుమాస్తానా? ఇన్‌క్లూడ్ ఎప్పుడు, ఎక్స్‌టెండ్ ఎప్పుడు? అసలు ఈ బొమ్మలు మానేయమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది. డయాగ్రమ్ కూడా జతచేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ డయాగ్రమ్ నిదానంగా చూశాను. మానేయొద్దు. కానీ దీన్ని పక్కన పెట్టి, తెల్ల కాగితం తీసుకుని మళ్లీ గీయండి. అలా ఎందుకు అంటున్నానో చెప్తాను.

మీ బొమ్మలో ‘లాగిన్ అవ్వడం’ ఉంది, ‘పాస్‌వర్డ్ మార్చడం’ ఉంది, ‘బాండు నంబరు కొట్టడం’, ‘కాటా బరువు ఎంటర్ చేయడం’, ‘సేవ్ చేయడం’, ‘ప్రింట్ తీయడం’ అన్నీ ఉన్నాయి. లేనిదల్లా బ్యాంకు. గుంటూరులో మిర్చి రైతు కోల్డ్ స్టోరేజీలో సరుకు ఎందుకు పెడతాడో మీకు నేను చెప్పనక్కర్లేదు. ధర లేనప్పుడు అమ్ముకోలేక పెడతాడు. అప్పటిదాకా ఇల్లు గడవాలి, పురుగుమందుల కొట్లో బాకీ తీరాలి. అందుకని సరుకు పెట్టినందుకు కోల్డ్ స్టోరేజీ రాసిచ్చిన బాండు బ్యాంకులో తాకట్టు పెట్టి లోను తెచ్చుకుంటాడు. ఆ బాండు మీద లోను ఉండగా బ్యాంకు ఒప్పుకోకుండా టిక్కీలు (మిర్చి బస్తాలు) బయటికి పోతే ఇరుక్కునేది కోల్డ్ స్టోరేజీ యజమానే. ఆయన వ్యాపారంలో అన్నింటికన్నా పెద్ద ప్రమాదం అది. 47 ఓవల్స్‌లో అది ఎక్కడా కనిపించలేదు, అయినా ఆయన బాగుందన్నారు. ఆయన్ని తప్పుపట్టలేం. అన్ని ఓవల్స్ చూశాక ఏది లేదో ఎవరికీ తట్టదు. పది ఓవల్సే ఉంటే ‘మరి బ్యాంకోళ్ల సంగతేంటమ్మా?’ అని ఆయనే అడిగేవారు. ఆ ప్రశ్న రాబట్టడానికే మనం ఈ బొమ్మ గీస్తాం.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో తెలిస్తే దీని స్వభావం అర్థమవుతుంది. స్వీడన్‌లో ఎరిక్‌సన్ కంపెనీలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల మీద పనిచేసిన ఇవార్ జాకబ్‌సన్ దీన్ని రూపొందించారు, 1987లో ఒక సదస్సు పత్రంలో బయటి ప్రపంచం ముందు పెట్టారు. ఎక్స్ఛేంజీ లోపల ఎన్నో భాగాలుంటాయి. ఫోన్ ఎత్తిన మనిషికి వాటితో పనిలేదు, అవతలివాళ్లతో మాట్లాడితే చాలు. ఆ మనిషి వైపు నుంచి చూస్తూ, ఎక్స్ఛేంజీ వాడకాలను ఒక్కొక్కటిగా రాసుకుపోవడమే ఈ పద్ధతి. 1997లో సాఫ్ట్‌వేర్ బొమ్మలు గీయడానికి యూఎంఎల్ అనే పద్ధతి ప్రమాణంగా వచ్చినప్పుడు ఓవల్స్, పుల్లల మనుషుల బొమ్మలు అందులో చేరాయి. కాలేజీల్లో ఆ బొమ్మ గీయడం నేర్పుతారు, మార్కులూ దానికే. వెనక ఉన్న రాత, అంటే ఒక్కో పనీ మెట్టు మెట్టుగా ఎలా జరుగుతుందో రాసుకోవడం, దాని గురించి ఒక్క పేజీ కూడా చెప్పరు. ఇది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది, ఎందుకంటే అసలు సరుకంతా రాతలోనే ఉంది. బొమ్మ దానికి విషయసూచిక లాంటిది.

ముందు ఓవల్స్ తగ్గించే సంగతి. ఒక్కో ఓవల్ దగ్గర ఆగి ఇలా అడగండి: ‘గుమాస్తా ఈ పని ఒక్కటీ చేసేసి, హమ్మయ్య అయిపోయింది అని లేచి టీకి వెళ్లొచ్చా?’ ‘బాండు నంబరు కొట్టాను, ఇక టీకి వెళ్తా’ అని ఎవరూ అనరు. ‘రైతు సరుకు చేర్చుకుని బాండు ఇచ్చేశాను’ అంటారు. కాబట్టి నంబరు కొట్టడం, బరువు ఎక్కించడం, సేవ్, ప్రింట్ అన్నీ ‘సరుకు చేర్చుకోవడం’ అనే ఒక్క ఓవల్ లోపలి మెట్లు. అవి రాతలోకి పోవాలి. మీ టీమ్ లీడ్ ఫ్లోచార్ట్‌లా ఉందన్నదీ ఇందుకే. మీరు మెట్లకు ఓవల్స్ గీసి, వాటి మధ్య బాణాలతో వరస చూపించారు. యూజ్ కేస్ బొమ్మలో ముందూ వెనకా అనేదే ఉండదు. యాక్టర్‌కీ ఓవల్‌కీ మధ్య గీత ‘వీళ్లకు ఈ పనితో సంబంధం ఉంది’ అని మాత్రమే చెబుతుంది.

లాగిన్ కూడా తీసేయండి. దీని మీద వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు, మీ ఆఫీసులోనూ ఉంటారు. పొద్దున్నే లాగిన్ అవ్వడానికని ఎవరూ కోల్డ్ స్టోరేజీకి రారు. ప్రతి యూజ్ కేస్ రాతలోనూ ‘గుమాస్తా లాగిన్ అయి ఉండాలి’ అని ముందస్తు షరతుగా ఒక ముక్క రాస్తే సరిపోతుంది. పాస్‌వర్డ్ నియమాలు వేరే పేజీలో రాసుకోండి.

ఇంకోటి, ‘బాండు మేనేజ్‌మెంట్’ అని మీరు పెట్టిన ఓవల్. ఇలాంటి పేరు దగ్గర జాగ్రత్త. దాని కింద ఎన్ని పనులున్నాయో చూడండి: కొత్త బాండు ఇవ్వడం, బాండు తాకట్టు పడినట్టు రాసుకోవడం, లోను తీరాక తాకట్టు ఎత్తేయడం, సరుకు లోపలే ఉండగా రైతు అమ్మేస్తే కొన్నవాడి పేరుకు మార్చడం, బాండు పారేసుకున్నవాడికి నకలు ఇవ్వడం. ఒక్కోదానికి ఒక్కో మనిషి వస్తాడు, ఒక్కో కాగితం అడగాలి. వీటన్నిటికీ కలిపి మేనేజ్‌మెంట్ అని పేరు పెడితే ప్రోగ్రామరు యాడ్, ఎడిట్, డిలీట్ అని మూడు బటన్లు పెట్టేస్తాడు. తాకట్టులో ఉన్న బాండుకు డిలీట్ బటన్ ఉండటమంటే ఏమిటో ఒక్కసారి ఊహించుకోండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: రైతా, గుమాస్తానా? ఇది మంచి ప్రశ్న, దీని మీద కాస్త ఎక్కువసేపు ఉందాం.

జవాబు మీరు గీసే పెట్టె మీద ఆధారపడి ఉంటుంది. బొమ్మ మధ్యలో గీసే దీర్ఘచతురస్రం సిస్టమ్ హద్దు. ఆ పెట్టె మీద ‘మన సాఫ్ట్‌వేర్’ అని రాస్తే దాన్ని ముట్టుకునేది గుమాస్తా, కాబట్టి యాక్టర్ గుమాస్తా. రైతు కౌంటర్ అవతల నిలబడి ఉంటాడు, కీబోర్డు అతని చేతిలో లేదు. అదే పెట్టె మీద ‘కోల్డ్ స్టోరేజీ’ అని రాస్తే కథ మారిపోతుంది. అప్పుడు యాక్టర్ రైతు. గుమాస్తా, కాటా దగ్గరి మనిషి, హమాలీలు అందరూ పెట్టె లోపలికి వెళ్లిపోతారు, బొమ్మలో కనిపించరు. రెండూ సరైనవే, రెండిటికీ ఉపయోగం వేరు. మీరు చేసిన పొరపాటు ఒకే బొమ్మలో రైతునూ గుమాస్తానూ పక్కపక్కన నిలబెట్టి ఇద్దరికీ ఒకే ఓవల్‌కి గీతలు కలపడం. అలా గీస్తే రైతుకు కూడా స్క్రీన్ కావాలేమో, అతనికీ లాగిన్ ఇవ్వాలేమో అని ప్రోగ్రామరుకు అనుమానం వస్తుంది.

నా సలహా, రెండు బొమ్మలు గీయండి. మొదటిది కోల్డ్ స్టోరేజీని పెట్టెగా పెట్టి. రైతు, కమీషన్ ఏజెంటు, సరుకు కొన్న వ్యాపారి, బ్యాంకు, వీళ్లంతా బయట ఉంటారు. యజమానితో కూర్చున్నప్పుడు ఇది వాడండి, ఎందుకంటే ఆయన ఆలోచించేది ఇలాగే. ‘సాఫ్ట్‌వేర్‌లో గుమాస్తా’ అనే మాటలో ఆయనకు ఏమీ కనిపించదు. ‘బ్యాంకు మేనేజరు ఫోన్ చేస్తే మీరేం చేస్తారు?’ అనే మాటలో ఆయనకు వ్యాపారమంతా కనిపిస్తుంది. రెండోది సాఫ్ట్‌వేర్‌ను పెట్టెగా పెట్టి గీసేది. ఇది మీ టీమ్ కోసం. ఇందులో కౌంటర్ గుమాస్తా, కాటా ఆపరేటరు, యజమాని యాక్టర్లు. రాతలో మాత్రం ‘గుమాస్తా, రైతు తరఫున’ అని రాయండి. రేపు యజమాని రైతులకు మొబైల్ యాప్ ఇస్తానంటే ఈ రెండో బొమ్మలోకి రైతు స్వయంగా యాక్టరై వస్తాడు. ఎక్కడెక్కడ మార్పు వస్తుందో అప్పుడు మీకు గీతల్లోనే తెలిసిపోతుంది.

యాక్టర్ అంటే పాత్ర, మనిషి కాదు. చిన్న కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాయే కాటా దగ్గర కూడా నిలబడొచ్చు. అయినా ఇద్దరు యాక్టర్లనే గీయండి. బరువు రాసేవాడే సరుకు విడుదల చేసే వీలు ఉండాలా వద్దా అన్నది యజమాని తేల్చాల్సిన విషయం. ఒక్క యాక్టర్‌గా గీస్తే ఆ ప్రశ్నే పుట్టదు. ఇన్సూరెన్స్ కంపెనీ సంగతి వేరు. దానికి సరుకు లెక్కల మీద ఆసక్తి ఉంటుంది కానీ సిస్టమ్‌తో నేరుగా పని ఉండదు, కాబట్టి బొమ్మలో వద్దు, రాతలో ఒక వాక్యం చాలు. మనుషులు కానివీ యాక్టర్లు కావచ్చు. కాటా నుంచి బరువు నేరుగా కంప్యూటర్లోకి వస్తుంటే కాటా ఒక యాక్టర్. గడువు దగ్గరపడ్డ బాండ్ల రైతులకు మెసేజ్‌లు వాటంతటవే వెళ్లాలంటే అక్కడ గడియారమే యాక్టర్.

ఇన్‌క్లూడ్, ఎక్స్‌టెండ్ గురించి. మొదటిసారి గీసేటప్పుడు రెండూ వాడకండి. నిజంగా చెబుతున్నాను. వీటి మీద గంటలు గంటలు వాదించుకుని, చివరికి కస్టమర్‌ని ఒక్క ప్రశ్నా అడగకుండా లేచిపోయే టీములు ఉన్నాయి. రాత అంతా పూర్తయ్యాక ఒకే మెట్ల గుంపు రెండు మూడు చోట్ల కనిపిస్తే అప్పుడు ఆలోచించండి. ఉదాహరణకు అద్దె బాకీ లెక్క. సరుకు విడుదలలోనూ అది కావాలి, బాండు పేరు మార్చేటప్పుడూ కావాలి. రెండు చోట్లా రాస్తే ఒకచోట మార్చి ఇంకోచోట మర్చిపోతాం. దాన్ని ‘అద్దె బాకీ లెక్కకట్టడం’ అని విడిగా తీసి, ఆ రెండింటి నుంచీ దాని వైపు చుక్కల బాణం వేసి ఇన్‌క్లూడ్ అని రాయండి. అది లేకుండా ఆ రెండు పనులూ పూర్తికావు.

ఎక్స్‌టెండ్ దీనికి తిరగేసి ఉంటుంది. ‘సరుకు విడుదల’ దానంతట అదే పూర్తి పని. తాకట్టు లేని రైతు వస్తే అద్దె కట్టి సరుకు తీసుకుని పోతాడు. బాండు తాకట్టులో ఉన్నప్పుడు మాత్రమే ‘బ్యాంకు అనుమతి సరిచూడటం’ మధ్యలో వచ్చి చేరుతుంది. బాణం ఈ అదనపు పని నుంచి అసలు పని వైపు వెళ్తుంది. పరీక్షల్లో చాలామంది తారుమారు చేసేది ఈ దిశే. గుర్తు పెట్టుకోవడానికి ఒక్క మాట: ఎవరికి ఎవరి గురించి తెలియాలో వాళ్ల నుంచి బాణం మొదలవుతుంది. విడుదల చేసే పనికి అద్దె లెక్క గురించి తెలియాలి, అందుకే అక్కడి నుంచి బాణం. తాకట్టు గురించి దానికి తెలియనక్కర్లేదు, తాకట్టు వ్యవహారానికే విడుదల గురించి తెలియాలి.

ఇక రాత. ఒక్క యూజ్ కేస్ పూర్తిగా రాసి చూపిస్తాను, మిగతావి మీరు రాసుకోగలరు.

పేరు: సరుకు విడుదల చేయడం
యాక్టర్: కౌంటర్ గుమాస్తా, రైతు తరఫున
ముందస్తు షరతు: గుమాస్తా లాగిన్ అయి ఉన్నాడు, బాండు సిస్టమ్‌లో ఉంది
1. గుమాస్తా బాండు నంబరు ఇస్తాడు.
2. సిస్టమ్ రైతు పేరు, లాట్ నంబరు, ఛాంబరు, మిగిలి ఉన్న టిక్కీలు చూపిస్తుంది.
3. ఎన్ని టిక్కీలు తీస్తున్నారో గుమాస్తా చెబుతాడు.
4. సిస్టమ్ అద్దె బాకీ లెక్కకట్టి చూపిస్తుంది.
5. డబ్బు ముట్టినట్టు గుమాస్తా నమోదు చేస్తాడు.
6. సిస్టమ్ గేట్ పాస్ ఇచ్చి, మిగిలిన టిక్కీల లెక్క తగ్గిస్తుంది.

ఆరు మెట్లు, అన్నీ సాఫీగా జరిగిపోయిన రోజు. ఎక్కడా ‘బటన్ నొక్కుతాడు’, ‘డ్రాప్‌డౌన్‌లో ఎంచుకుంటాడు’ అని లేదు చూశారా? స్క్రీన్ ఎలా ఉండాలో ఇప్పుడే తేల్చేస్తే, రేపు గుమాస్తా స్కానర్ కావాలన్నప్పుడు రాత అంతా మార్చాల్సి వస్తుంది.

ఇప్పుడు ఒక్కో మెట్టు మీదా వేలు పెట్టి ‘ఇక్కడ ఏం తేడా రావచ్చు?’ అని అడగండి. మొదటి మెట్టు: బాండు పోయింది. రైతు రాలేదు, కొడుకు వచ్చాడు. రైతు చనిపోయాడు, వారసులు వచ్చారు, వాళ్లలో వాళ్లకు పడట్లేదు. రెండో మెట్టు: బాండు మీద లోను ఉంది. రైతు చేతిలో బ్యాంకు ఇచ్చిన విడుదల లెటర్ ఉంది, కానీ సగం టిక్కీలకే. మూడో మెట్టు: ఉన్నవాటికన్నా ఎక్కువ అడిగాడు. లేదా సిస్టమ్ 60 అంటోంది, ఛాంబరులో 58 దొరికాయి. ఐదో మెట్టు: అమ్మాక కడతానంటున్నాడు, యజమాని ఫోన్లో సరేనన్నాడు. ఆరో మెట్టు: గేట్ పాస్ వచ్చాక కరెంటు పోయింది, లెక్క తగ్గిందో లేదో తెలియదు.

మీ ప్రోగ్రామర్లకు టైమంతా పట్టేది ఈ తేడాల దగ్గరే. యజమాని డబ్బు పోయేదీ ఇక్కడే. ఇవేవీ బొమ్మలో కనిపించవు. ఒక్కో తేడా కింద ఏం చేయాలో యజమాని నోటితో చెప్పించి రాయండి. మీరు ఊహించి రాయకండి. 60 బదులు 58 ఉంటే ఏం చేయాలన్నది సాఫ్ట్‌వేర్ వాళ్లు తేల్చే విషయం కాదు.

అయితే ఈ తేడాలు యజమానికి కూడా అన్నీ తెలియవు. ఆయన పైనుంచి చూస్తారు. సీజన్లో లారీలు బారులు తీరినప్పుడు కౌంటర్లో కూర్చునే గుమాస్తాకు తెలుస్తాయి. గుమాస్తా దగ్గరికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లొద్దు, కాగితం తీసుకెళ్లండి. ‘బాబాయ్ గారూ, కిందటి సీజన్లో మీకు బాగా తలనొప్పి తెచ్చిన బాండు ఏది, చెప్పండి’ అని అడగండి. ఆయన చెప్పడం మొదలుపెడితే ఆపకుండా వినండి. తర్వాత పాత రిజిస్టరు చూపించమనండి. కొట్టివేతలు, పక్కన ఎర్ర ఇంకుతో రాసినవి, పిన్ను కొట్టిన చీటీలు, అవన్నీ మీ దాకా రాని రిక్వైర్‌మెంట్లే. ఒక్కోటీ ఎందుకు రాశారో అడిగి, మీ రాతలో ఏ మెట్టు కింద చేరుతుందో చూసుకోండి. ఏ మెట్టు కిందా చేరకపోతే కొత్త ఓవల్ గీయాల్సి వచ్చిందని అర్థం. మీ 47 ఓవల్స్ పదికో పన్నెండుకో తగ్గాక ఇలా ఒకటో రెండో పెరిగితే సంతోషించండి, అవి ఊరికే వచ్చినవి కావు.

యూజర్ స్టోరీలు అడుగుతున్న మీ ప్రోగ్రామర్ల మాటలో న్యాయం ఉంది. రెండు వారాల్లో చేయగలిగేంత ముక్క వాళ్లకు కావాలి, మొత్తం ‘సరుకు విడుదల’ ఒకేసారి కుదరదు. అలాగని వాళ్లతో గొడవ పెట్టుకోనక్కర్లేదు. యూజ్ కేస్‌ను ముక్కలు చేసి ఇవ్వండి. సాఫీగా జరిగే ఆరు మెట్లు ఒక స్టోరీ. తాకట్టు ఉన్న బాండును ఆపేయడం రెండోది. సగం విడుదల లెటర్ మూడోది. అమ్మాక కడతాననే బేరం నాలుగోది. జాకబ్‌సన్ కూడా 2011లో తన పద్ధతిని సవరించి, యూజ్ కేస్‌ను ఇలా ముక్కలుగా కోసి పని చేసుకోమనే చెప్పారు. వట్టి స్టోరీలే రాసుకుంటే ఏ స్టోరీ ఏ పనిలో భాగమో కొన్నాళ్లకు ఎవరికీ గుర్తుండదు, ఏది రాయలేదో అసలే తెలియదు. యూజ్ కేస్ వెనక ఉంటే ఏ మెట్టుకు స్టోరీ లేదో వెతికి పట్టుకోవచ్చు.

బొమ్మలోనూ ఈ రాతలోనూ పట్టనివి కొన్ని ఉంటాయి. సీజన్లో ఒకేసారి ఎన్ని కౌంటర్లు పనిచేయాలి, నెట్ లేకపోతే పని ఆగాలా సాగాలా, స్క్రీన్ తెలుగులో ఉండాలా, గేట్ పాస్ తెలుగులో రావాలా, పాత సీజన్ల లెక్కలు ఎన్నేళ్లు ఉంచాలి. వీటికి వేరే కాగితం పెట్టుకోండి, మర్చిపోకండి.

గీయడానికి ముందు పెన్సిలే మంచిది, చెరపడానికి వెనకాడరు. స్థిరపడ్డాక రాసిన మాటల నుంచి బొమ్మ గీసిపెట్టే ప్లాంట్‌యూఎంఎల్ లాంటి టూల్ వాడితే బొమ్మ కూడా మామూలు టెక్స్ట్‌గా కోడ్ పక్కనే ఉంటుంది, ఎప్పుడు ఏం మారిందో కనిపిస్తుంది.

ఈ వారంలో రెండు పనులు చేయండి చాలు. మొదటి బొమ్మ, అదే కోల్డ్ స్టోరేజీ పెట్టెగా ఉన్నది, ఒక్క పేజీలో గీసి యజమాని ముందు పెట్టండి. పెట్టాక మీరు వివరించకండి, ఆయన్నే వేలు పెట్టి చదవమనండి. బ్యాంకు దగ్గర ఆగి ఆయన ఏం చెబుతారో అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. రెండోది, ‘తాకట్టు ఎత్తేయడం’ యూజ్ కేస్ పైన నేను రాసినట్టే మీరు రాసి, తేడాలతో సహా నాకు పంపండి. అందులో బ్యాంకు లెటర్ నిజమైనదేనని గుమాస్తాకు ఎలా తెలుస్తుందో కనుక్కుని రాయడం మరిచిపోవద్దు.